భుజాన పట్టీ, గురికి పట్టు

గ్రెనేడు విసిరేవాడికి రెండు చేతులూ కావాలి. పదిహేడో శతాబ్దంలో అది తుపాకిమందు కూరిన గుండు. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వత్తికి నిప్పు ముట్టించి విసరాలి. మరి నాలుగైదు కిలోల పొడవాటి మస్కెట్‌ను ఎక్కడ పెట్టుకోవాలి? కింద పడేస్తే ఆ గందరగోళంలో మళ్లీ చేతికి రాదు. అందుకే యూరప్ సైన్యాలు గ్రెనేడియర్ల తుపాకులకు తోలుపట్టీలు కట్టించాయి. పట్టీ ఉంటే తుపాకిని వీపు మీదికి తోసేసి పని కానివ్వచ్చు. ఇంగ్లండ్‌లో ఈ కొత్తరకం సైనికుల్ని చూసి జాన్ ఎవెలిన్ 1678లోనే తన డైరీలో రాసుకున్నాడు.

గుర్రపు దళాలవారు మరో దారి చూసుకున్నారు. ఛాతీకి అడ్డంగా వెడల్పాటి తోలుపట్టా, దానికో కొక్కెం, ఆ కొక్కేనికి కార్బైన్ పక్కనున్న రింగు. ఒకే చోట తగిలించడం వల్ల జీను మీద కూర్చునే తుపాకి ఎత్తి కాల్చవచ్చు. ఈ కాలంలో సింగిల్ పాయింట్ స్లింగ్‌ను కొత్త సరుకులా అమ్ముతున్నారు గానీ, దాని తాతలు గుర్రాలెక్కి తిరిగినవాళ్లే.

కాల్బలానికి స్థిరపడింది రెండు కొసల పట్టీ. బ్రిటిష్ వారి బ్రౌన్ బెస్‌కు గొట్టం కింద కర్రకు ఒక కడియం, ట్రిగ్గర్ గార్డు ముందు మరొకటి ఉండేవి. అమెరికా అంతర్యుద్ధం నాటి స్ప్రింగ్‌ఫీల్డ్‌కూ దాదాపు అదే అమరిక. అప్పటికి పట్టీ పని మోత ఒక్కటే. వరసకట్టి ఆజ్ఞ ప్రకారం ఒక్కసారిగా కాల్చే యుద్ధంలో ఒక్కొక్కడి గురి గురించి అంత పట్టింపు లేదు.

దూరం పెరిగాక పట్టింపు వచ్చింది. అమెరికాలో 1903లో జాతీయ రైఫిల్ పోటీలు మొదలయ్యాయి. 1907 నుంచి ఒహాయోలోని క్యాంప్ పెర్రీ వాటికి వేదికైంది. అదే సంవత్సరం పేరుతో సైన్యంలోకి వచ్చిన ఎం1907 స్లింగ్‌ను ఈ కథలో మలుపు అనాలి. రెండు తోలు ముక్కలు, వాటి నిండా జంట రంధ్రాలు, రెండు ఇత్తడి కొక్కేలు, జారే తోలు ఉంగరాలు రెండు. మొదటిసారి చూసినవాడికి గుర్రం కళ్లెంలా చిక్కుముడిగా కనిపిస్తుంది. పొడవాటి ముక్కతో ఉచ్చు చేసి మోచేతికి పైన, దండచేతికి ఎక్కించి, తోలు ఉంగరాన్ని కిందికి జరిపి బిగిస్తారు. అక్కడి నుంచి పట్టీ నేరుగా ముందు కడియానికి వెళుతుంది. వెనక ముక్క వదులుగా వేలాడుతుంటుంది. అంటే గురిపెట్టేవేళ రెండో కొసకు సెలవు. బోర్లా పడుకుని మోచెయ్యి నేలకు ఆనించినప్పుడు రైఫిల్ బరువును కండరాలకు బదులు ఎముకలూ తోలూ మోస్తాయి. అలసిన కండరం వణుకుతుంది. లాగి కట్టిన తోలు వణకదు. ఉచ్చు చేతి లోపలివైపు రక్తనాళాన్ని నొక్కితే మాత్రం ప్రతి గుండెచప్పుడుకూ గురి ఎగురుతుంది. అందుకే లాగుడు చేతి బయటివైపు నుంచి వచ్చేలా కట్టుకుంటారు.

ఇంత ఓపిక వేటగాడికి ఉండదు. పట్టీలోకి చెయ్యి దూర్చి, ఒక మెలిక తిప్పి, బిగబట్టి కాలుస్తాడు. దీన్ని హేస్టీ స్లింగ్ అంటారు. ఇందులో రెండు కొసలూ పనిచేస్తాయి, రెండు మూడు సెకన్లలో సిద్ధం. స్థిరత్వం ఉచ్చు అంత రాదు.

బ్రిటిష్ సైన్యం తోలును వదిలి నేత పట్టీకి మారింది. లీ ఎన్‌ఫీల్డ్ తుపాకులకు వేలాడిన ఖాకీ రంగు నూలు పట్టీ, కొసలకు ఇత్తడి బిళ్లలు, మన పోలీసుల త్రీ నాట్ త్రీ మీద దశాబ్దాల పాటు కనిపించినదే. తోలు వానకు తడిస్తే సాగుతుంది, బూజు పడుతుంది. నేతకు ఆ బెడద తక్కువ. జర్మన్ల కార్బైన్ 98కెలో కడియాలకు బదులు పట్టీని తుపాకి ఎడమ పక్కకు తగిలించారు. వీపున వేసుకుంటే బల్లపరుపుగా అతుక్కుంటుందని. రష్యన్ మోసిన్ నాగాంట్‌లో ఏకంగా కర్రకే చీలికలు కోసి, చిన్న తోలు తాళ్లతో పట్టీని కట్టారు.

ఆటల్లో స్లింగ్‌కు కట్టుబాట్లున్నాయి. అంతర్జాతీయ పోటీల్లో వెడల్పు 40 మిల్లీమీటర్లు దాటకూడదు. పడుకునీ మోకాలి మీదా కాల్చేటప్పుడు వాడొచ్చు, నిలబడి కాల్చేటప్పుడు కుదరదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మొత్తం నిలబడి కాల్చేదే. రెండేళ్లకు గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో బోర్లా పడుకుని కాల్చే 50 మీటర్ల ప్రోన్‌లో తెచ్చుకున్న రజతంలో మాత్రం పట్టీకీ వాటా ఉంది. ఒకే మనిషి, రెండు పతకాలు, ఒకదానికి తోడున్న పట్టీ ఇంకోదానికి నిషిద్ధం!

పట్టీని బిగిస్తే లాభమే కాదు, ఒక తంటా కూడా ఉంది. ముందు కొస గొట్టానికే తగిలి ఉంటే ఆ లాగుడుకు గొట్టం రవ్వంత వంగుతుంది, గుండు తగిలే చోటు మారుతుంది. ఎం16 కుటుంబంలో ముందు కడియం గొట్టం మీది సైట్ దిమ్మకే ఉండేది. పోటీదారులు గొట్టాన్ని తాకకుండా చుట్టూ నిలిచే ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డు పెట్టించుకుని పట్టీని దానికి తగిలించడం వెనక ఉన్న కారణం ఇదే.

తర్వాత వచ్చిన త్రీ పాయింట్ స్లింగులు పొట్టి తుపాకిని ఛాతీ మీద నిలిపాయి గానీ, పట్టీలు ఎక్కువై ఎక్కడపడితే అక్కడ చిక్కుకునేవి. సింగిల్ పాయింట్‌తో నడిస్తే తుపాకి మోకాళ్లను కొడుతుంది. చివరికి చాలామంది రెండు కొసలకే తిరిగొచ్చారు, ఈసారి మధ్యలో ఒక జారుడు బకిల్‌తో. లాగితే పట్టీ బిగిసి తుపాకి ఒంటికి అతుక్కుంటుంది, వదిలితే భుజానికెత్తే చోటు దొరుకుతుంది. బ్లూ ఫోర్స్ గేర్ వారి వికర్స్ స్లింగ్‌తో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ఎం1907లో ఏ రంధ్రంలో కొక్కెం పెట్టాలో లెక్క చూసుకుంటూ చేసే సర్దుబాటు ఇక్కడ ఒక్క గుంజుతో అయిపోతుంది. ఉచ్చు ఇచ్చే స్థిరత్వం మాత్రం దీనికి లేదని ఒప్పుకోవాలి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది వెడల్పు. పాత సైనిక కడియాల్లో చాలావాటికి అంగుళంపావు పట్టీ సరిపోతుంది. వేట రైఫిళ్లలో కొన్నింటికి అంగుళమే. తగిలించే ముందు తుపాకి ఖాళీగా ఉందని ఛాంబర్ తెరిచి చూసుకోవాలి. కుడిచేతివాటం వారికి రెండు కొసలూ ఎడమవైపున ఉంటే తుపాకి ఛాతీ మీద చదునుగా కూర్చుంటుంది. వెనక కొసను బట్ చివర కన్నా రిసీవర్ దగ్గర పెడితే ఎత్తడం సులువు, కాకపోతే వీపున వేసుకున్నప్పుడు కాస్త ఊగుతుంది. నొక్కితే ఊడివచ్చే రకం కడియాల్లో గుండ్రంగా తిరగకుండా ఆగేవి ఎంచుకోవాలి, లేకపోతే సాయంత్రానికి పట్టీ తాడులా మెలికపడుతుంది. పొడవు సరిచూసేటప్పుడు నిజంగా వేసుకునే బట్టలు, చలికోటుతో సహా, ఒంటి మీద ఉండాలి. నిలబడి, మోకాళ్ల మీద కూర్చుని, బోర్లా పడుకుని చూసి, మిగిలిన కొసను కత్తిరించకుండా మడిచి టేపు చుట్టేయాలి, వచ్చే చలికాలానికి అది అవసరపడుతుంది.