రేడియోలో గరగర - మెరుపుల లెక్క



ఎండాకాలం సాయంత్రం ఒడుగత్తూరులోనో, గుడియాత్తంలోనో మీడియం వేవ్ మీద తెలుగు వార్తల కోసం ముల్లు తిప్పిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మాట కన్నా ముందు గరగర వచ్చేది. జవ్వాది కొండల మీద చూస్తే మబ్బు తునక ఉండదు. సెట్టు పాడైందని బ్యాటరీలు మార్చేవాళ్లం, దాని నెత్తిన ఒకటి వేసేవాళ్లం. పాపం, సెట్టు తప్పేమీ లేదు.

ప్రతి మెరుపూ ఒక చిన్న ప్రసార కేంద్రమే. పగటిపూట 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే విద్యుత్ పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గుంకితే ఆ పొర పలచబడుతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి నేలకు తిరిగివస్తాయి. రాత్రి దూరపు స్టేషన్లు పలికేది అందుకే. అదే దారిన వందల మైళ్ల అవతలి మెరుపుల రొద కూడా మన ఇంటికి వస్తుంది.

ఈ రొదను కొలిచి ఏం లాభమంటారా? స్టేషన్ ఎంత శక్తితో పలికితే పల్లెలో మాట తెలుస్తుందో చెప్పాలంటే ఈ కొలత కావాలి. ఉరుములు తక్కువైన చలి దేశాల లెక్క మనకు చాలదు. ఆచార్య ఎస్.వి. చంద్రశేఖర్ అయ్య 1950లలో పూణేలోనూ, తరువాత బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ ఈ పని మీదే కూర్చున్నారు. 1957లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం మొదలైంది. ఆ రోజుల్లో ప్రపంచంలో 16 చోట్ల ఒకే తీరు యంత్రాలతో 13 కిలోహెర్ట్జ్ నుంచి 20 మెగాహెర్ట్జ్ దాకా రొదను కొలిచారు. అందులో మన న్యూఢిల్లీ ఒకటి. ఋతువు వారీగా, నాలుగేసి గంటల వారీగా గీసిన ప్రపంచ పటాలు 1964లో అచ్చయ్యాయి. ఉష్ణ మండలంలో రొద జాస్తి అనీ, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ అది పెరుగుతుందనీ అవి చూపాయి.

తిరునెల్వేలి దగ్గర 1990లో నౌకాదళం నెలకొల్పిన కట్టబొమ్మన్ కేంద్రానికీ ఇదే చిక్కు. జలాంతర్గాములకు కబురు పంపే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు వేల మైళ్లు పోతాయి, సముద్రపు నీటిలోకి కొంత దిగుతాయి. కానీ మెరుపుల రొద కూడా ఆ దారినే అంత దూరమూ పోతుంది. దాన్ని మించి పలకాలంటే ఎత్తైన స్తంభాలు, గొప్ప శక్తి కావాలి.

తెలుగు బడి లేని మన పల్లెల్లో పిల్లల చెవిన పడే మంచి తెలుగు ఒకప్పుడు ఆ పెట్టెలోదే. రొదలో మునిగితే పోయేది వార్త ఒక్కటే కాదు. ఈ లెక్కలు మనకెందుకులే అనుకోకండి.

ఇంకొక్క మాట. సెట్టులో పటపటలు జోరైతే ఉరుము దగ్గర పడుతోందేమో చూసుకోండి. అది నెత్తి మీదికి రాకముందే ఏరియల్ తీగ ఊడదీయండి. చెట్టు కిందికి మాత్రం పోకండి.

సెలవు.