తాండూరు బండ మీద కూర్చుని సముద్రం గురించి

పోయిన ఎండాకాలం తాండూరులో మా అన్నావాళ్ళింటికి వెళ్ళినప్పుడు, తొమ్మిదో తరగతి చదివే వాళ్ళమ్మాయి అడిగింది: "మన దగ్గర సముద్రమే లేదు గదా బాబాయ్, నేవీ వాళ్ళకు ఇక్కడేం పని?"

ఆమె అడిగింది దామగుండం గురించి. వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని ఆ అడవిలో నౌకాదళం కట్టే రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి జవాబు వెంటనే చెప్పేశాను. ఉప్పునీరు మామూలు రేడియో తరంగాల్ని మింగేస్తుంది. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవి మాత్రం కొన్ని మీటర్ల లోతుకు దిగి, మునిగివున్న జలాంతర్గామికి కబురు అందిస్తాయి. ఆ తరంగాల పొడవు కిలోమీటర్లలో ఉంటుంది. అందుకే యాంటెన్నాలకు అంత జాగా, సుమారు 2,900 ఎకరాలు.

ఆమె అక్కడితో ఆగలేదు. "అయితే మనోళ్ళెవరన్నా సముద్రమంతా తిరిగొచ్చిన్రా?"

ఈసారి నా దగ్గర జవాబు లేదు. మెజిలాన్ పేరు మాత్రం ఠక్కున గుర్తొచ్చింది. స్కూల్లో మనందరం బట్టీ పట్టిన పేరే కదా. నిజానికి మెజిలాన్ భూమిని చుట్టి రాలేదు. 1521లో ఫిలిప్పీన్స్‌లో చనిపోయాడు. అయిదు ఓడలతో, రెండు వందలమందికి పైగా మనుషులతో మొదలైన యాత్రలో, 1522లో విక్టోరియా అనే ఒక్క ఓడ మీద స్పెయిన్ చేరింది పద్దెనిమిదిమంది. పేరు మాత్రం ఇంటికి రానివాడికే మిగిలింది.

ఆ రాత్రి ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. కాస్త సిగ్గుగానే ఉంది. ఎందుకంటే జవాబు పాతదేం కాదు. 2017 సెప్టెంబర్ 10న ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవ గోవా నుంచి బయల్దేరింది. పొడవు 55 అడుగులు. అందులో ఆరుగురు నౌకాదళ అధికారిణులు. కెప్టెన్ వర్తికా జోషి, ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. విశాఖ సంగతి సరే, అది సముద్రం పక్కనే పెరిగిన ఊరు. హైదరాబాదో? తాండూరు లాంటిదే, చుట్టూ నేలే.

ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. దారిలో వేసుకున్న మజిలీలు ఇవి. పసిఫిక్‌లో గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలుల్ని తట్టుకుని, 2018 జనవరిలో కేప్ హార్న్ దాటారు. తిరుగుదారిలో స్టీరింగ్ దెబ్బతింటే, లెక్కలో లేని మజిలీగా మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు. అందులో 199 రోజులు నీళ్ళ మీదే. తిరిగింది 21,600 నాటికల్ మైళ్ళకు పైనే. ఈ అంకె నాకు భలే నచ్చింది. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి ఒక నాటికల్ మైలు. గుణించి చూడండి, భూమి చుట్టుకొలత వస్తుంది.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచిన లెక్క ఇంకొకటుంది. ఆరుగురు వెళ్ళారు, ఆరుగురూ వచ్చారు.

1986లో జిమ్మీ కార్నెల్ అట్లాంటిక్ మీద ఒక ర్యాలీ మొదలుపెట్టాడు. ఏటా కెనరీ దీవుల నుంచి కరీబియన్ దాకా, దాదాపు 2,700 నాటికల్ మైళ్ళు, సొంత పడవలున్న మామూలు కుటుంబాలు కూడా గుంపుగా వెళ్తాయి. ముందెవరు చేరారన్నది కాదు, అందరూ చేరడమే దాని ఉద్దేశం. తారిణిది ఒంటరి ప్రయాణం, ర్యాలీ కాదు. అయినా ఆ స్వభావం అదే. రాత్రి వచ్చిందని సముద్రంలో పడవని పక్కన ఆపుకోలేం. ఒకరు నిద్రపోవాలంటే ఇంకొకరు మెలకువగా ఉండాలి. ఆన్‌కాల్ డ్యూటీ చేసిన మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు దీని రుచి కొంచెం తెలుసు, మునిగిపోతామన్న భయం లేకుండా. మన చరిత్ర పుస్తకాలకు నాయకుడు దొరికితే చాలు, కాపలా కాసినవాళ్ళు అక్కర్లేదు. అందుకే నాకు మెజిలాన్ తెలుసు, ఐశ్వర్య తెలీదు.

ఆ యాత్రకు పెట్టిన పేరు నావికా సాగర్ పరిక్రమ. పరిక్రమ అంటే ప్రదక్షిణే, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. మా నీళ్ళు కూడా అలాంటివే. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది. తాండూరు పక్కనుంచి పోయే కాగ్నా పడమటికి వెళ్ళి భీమలో కలుస్తుంది. చివరికి రెండూ కృష్ణలోకి చేరి బంగాళాఖాతంలో పడతాయి. దామగుండంలో చెట్లు కొట్టొద్దన్నవాళ్ళు అడిగింది కూడా ఈ మూసీ గురించే. దేశరక్షణకు కేంద్రం అవసరమే. కానీ సముద్రం కోసం ఇచ్చిన అడవి మళ్ళీ వానగా తిరిగి వస్తుందా అన్న ప్రశ్న కూడా అంతే నిజం. ఆ శంకుస్థాపన రోజున అదే తారిణి మీద దిల్నా, రూపా అనే ఇద్దరు అధికారిణులు రెండో పరిక్రమలో ఉన్నారు. గోవా వదిలి పదమూడు రోజులైంది.

పొద్దున్నే మా అమ్మాయికి రెండు పేర్లూ చెప్పాను. నోట్‌బుక్కులో రాసుకుంది. ఇంకో మాట కూడా చెప్పాను. మనం కూర్చున్న ఈ తాండూరు బండ సున్నపురాయి. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడున్న లోతులేని సముద్రం అడుగున పేరుకున్నది.

ఆమె అరచేత్తో నేలని తడిమి చూసింది. "మరి మన దగ్గర సముద్రం లేదని ఎవరు చెప్పిన్రు?" అంది. నిన్న ఆ మాటన్నది తనేనని నేను గుర్తుచెయ్యలేదు.