పాత పికప్ ఎందుకు మూలుగుతుంది?

అమెరికాలోని బఫెలో నగరంలో ఒకప్పుడు ఉన్న పియర్స్-యారో కంపెనీకి ధనవంతుల కార్లతో పేరొచ్చింది. పవర్ స్టీరింగు కథ మాత్రం ఆ కార్లతో మొదలు కాలేదు, అదే కంపెనీ తయారుచేసిన ఐదు టన్నుల లారీలతో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలకు వెళ్లిన లారీలవి. గట్టి రబ్బరు టైర్లు, ముందు ఇరుసు మీద ఇంజిన్ బరువు, కింద గతుకుల మట్టిదారి. నిలబడి ఉన్న లారీ చక్రాలు తిప్పాలంటే డ్రైవరు సీట్లోంచి సగం లేచి, ఒంటి బరువంతా స్టీరింగు మీద వేయాలి. ముందు చక్రం గోతిలో పడితే స్టీరింగు విసురుగా వెనక్కి తిరిగి బొటనవేళ్లు విరగ్గొట్టేది. అందుకే ఆనాటి డ్రైవర్లు బొటనవేలిని చక్రం లోపలివైపు పెట్టకుండా పట్టుకోవడం నేర్చుకున్నారు.

ఈ బాధను రోజూ దగ్గరగా చూసినవాడు ఫ్రాన్సిస్ డేవిస్. హార్వర్డ్‌లో చదివి, పియర్స్-యారో లారీల విభాగంలో చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగాడు. 1922లో ఆ ఉద్యోగం వదిలేసి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్‌లో చిన్న వర్క్‌షాపు అద్దెకు తీసుకున్నాడు. తోడుగా జార్జ్ జెస్సప్ అనే పనిమంతుడు ఉన్నాడు.

స్టీరింగుకు బయటి శక్తిని తోడు చేయాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. 1903 నాటి కొలంబియా లారీలో స్టీరింగు కోసమే వేరే ఎలక్ట్రిక్ మోటారు అమర్చారు. డేవిస్ ఆయిల్ ఒత్తిడిని నమ్ముకున్నాడు. అప్పటి ఫ్యాక్టరీల్లో హైడ్రాలిక్ ప్రెస్సులన్నీ ఒకే పద్ధతిలో నడిచేవి: వాల్వు మూసి ఉంటుంది, వెనకాల ఒత్తిడి ఎప్పుడూ బిగబట్టి ఉంటుంది, అవసరమైనప్పుడు వాల్వు తెరుస్తారు. అలాంటి ఒత్తిడిని కదిలే బండిలో పెడితే ప్రతి సీలూ ప్రతి క్షణం కారుతూనే ఉంటుంది. డేవిస్ ఆ పద్ధతిని తలకిందులు చేశాడు. వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పంపు తోసిన ఆయిల్ ఏ పనీ చేయకుండా వాల్వు గుండా పోయి, తిరిగి ట్యాంకులోకి చేరుతుంది. డ్రైవరు స్టీరింగు తిప్పినప్పుడు మాత్రమే వాల్వులో ఒకవైపు దారి ఇరుకవుతుంది, ఆ వైపు ఒత్తిడి లేస్తుంది, పిస్టన్‌ను తోస్తుంది. డ్రైవరు చేయి సడలిస్తే ఒత్తిడి కూడా దిగిపోతుంది.

ఈ ఒక్క నిర్ణయం వల్లే పాత పికప్ స్టీరింగులో రోగం ఎక్కడుందో చెవితో, చేత్తో పట్టుకోవడం సాధ్యమైంది. ఆయిల్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, డ్రైవరు అడిగిన క్షణంలోనే ఒత్తిడి పుడుతుంది. కాబట్టి స్టీరింగు నేరుగా ఉన్నప్పుడు వినిపించే చప్పుడుకు ఒక అర్థం, తిప్పుతున్నప్పుడు వచ్చే చప్పుడుకు ఇంకో అర్థం, చివరి దాకా తిప్పి పట్టుకున్నప్పుడు వచ్చేదానికి మరో అర్థం ఉంటుంది. తర్వాతి తరాల మెకానిక్కులు నేర్చుకున్న విద్య అంతా ఈ మూడింటి మధ్య తేడాను పట్టడమే.

అయితే ఆ మెకానిక్కులు పుట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. 1926 అక్టోబరులో డేవిస్ తన పరికరం బిగించిన పియర్స్-యారో రోడ్‌స్టర్‌ను డెట్రాయిట్‌కు తీసుకెళ్లి జనరల్ మోటార్స్ వాళ్లకు నడిపి చూపించాడు. ఒప్పందం కుదిరింది. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. కొత్త స్టీరింగు కోసం అచ్చులు, యంత్రాలు చేయించే ఖర్చు అమ్ముడుపోయే కార్ల సంఖ్యకు గిట్టుబాటు కాదని కంపెనీ తేల్చింది. 1936లో డేవిస్ బెండిక్స్ కంపెనీతో చేతులు కలిపాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాకే అతని పరికరానికి నిజమైన గిరాకీ పుట్టింది. కవచం తొడిగిన సైనిక వాహనాల ముందు చక్రాలను మనిషి బలంతో తిప్పడం కుదిరే పని కాదు. లారీ డ్రైవర్ల కోసం మొదలైన పరికరం ముందుగా సైనికుల చేతికి అందింది.

యుద్ధం అయ్యాక డేవిస్ పేటెంట్లు కొన్నింటి గడువు తీరిపోయింది. ఆ అదను చూసి క్రైస్లర్ 1951లో ఇంపీరియల్ కారులో హైడ్రాగైడ్ పేరుతో పవర్ స్టీరింగును మార్కెట్‌లోకి దించింది. జనరల్ మోటార్స్ మళ్లీ డేవిస్ దగ్గరికి వెళ్లింది. 1952 మోడళ్లకల్లా క్యాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్ కార్లలోనూ అది వచ్చేసింది. పాతికేళ్లు తలుపులు తట్టిన మనిషికి ఆ రెండేళ్లలో దక్కినంత గుర్తింపు అంతకు ముందు ఎప్పుడూ దక్కలేదు.

ఆ స్టీరింగులు తయారైన ఊరు మిషిగన్ రాష్ట్రంలోని సాగినా. 1906లో అక్కడ మొదలైన ఒక స్టీరింగు కర్మాగారం కొద్ది ఏళ్లకే బ్యూక్ చేతికి, ఆ వెనకే జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. యుద్ధ కాలంలో ఇదే సంస్థ మెషిన్ గన్‌లు, కార్బైన్లు కూడా చేసింది. ఉక్కు గోళీలు ఒక మర మీద దొర్లుతూ తిరిగి మొదటికొచ్చే స్టీరింగు బాక్సుకు సాగినా పేరే స్థిరపడింది. అమెరికన్ పికప్‌ల మెకానిక్కులకు ఈనాటికీ సాగినా అంటే ఊరి కన్నా ముందు ఆ బాక్సు, దాని పంపు గుర్తొస్తాయి. ఆ పంపులో ఇరుసుతో పాటు తిరిగే సన్నని రేకులు ఆయిల్‌ను తోస్తాయి. ఆ తరహా పంపును 1920లలో సరిదిద్ది నిలబెట్టినవాడు హ్యారీ వికర్స్ అనే మరో ఇంజనీరు. అతని పేరు మోటారు షెడ్లలో వినిపించదు గానీ, వినిపించాల్సిన పేరే.

పికప్‌ల దాకా ఈ సుఖం ఆలస్యంగా వచ్చింది. పొలాల్లో, కట్టడాల దగ్గర తిరిగే బండికి అలాంటి ఖర్చెందుకని కొనేవాళ్లూ అనుకున్నారు, అమ్మేవాళ్లూ అనుకున్నారు. కార్లలో మామూలైపోయాక కూడా పికప్‌లలో పవర్ స్టీరింగు అదనంగా డబ్బు కట్టి తీసుకునే సౌకర్యంగానే చాలా కాలం ఉంది. కొన్ని బండ్లలో ఆ సౌకర్యం అతుకు పెట్టినట్టే ఉండేది. 1970ల నాటి ఫోర్డ్ ఎఫ్-250 ఫోర్ వీల్ డ్రైవ్‌లో స్టీరింగు బాక్సు మామూలుదే. కింద రాడ్లకు విడిగా ఒక హైడ్రాలిక్ సిలిండరు, దానికో వాల్వు, వాటి మధ్య హోసు పైపులు. బురద, రాళ్ల దెబ్బ తగిలే చోట అన్నీ బయటికే వేలాడేవి. కాబట్టి ఆయిల్ కారడం ఆ బండి మీద ఎప్పుడూ వినిపించే మొదటి ఫిర్యాదు. రెండోది ఇంకా వింతగా ఉంటుంది: వాల్వు మధ్యలో సరిగా నిలబడకపోతే, ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్టీరింగు ఎవరూ పట్టుకోకుండానే ఒకవైపుకు పోతుంది. ఆ లక్షణం చూసి పంపు మార్చినవాళ్లు డబ్బు పోగొట్టుకున్నట్టే. పంపుకు కుడి ఎడమలు తెలియవు. ఒకవైపు మాత్రమే కనిపించే లోపానికి కారణం వాల్వులోనో బాక్సులోనో చక్రాల అమరికలోనో ఉంటుంది.

ఆ రోజుల్లో అచ్చయిన మరమ్మతు పుస్తకాల్లో ప్రతి లక్షణానికీ కారణాల జాబితా ఉండేది. అనుభవం ఆ జాబితాకు వరస నేర్పింది. ముందు టైర్లలో గాలి చూడాలి. గాలి తక్కువైన ముందు టైరు పవర్ స్టీరింగు పోయిందన్నంత బరువు పుట్టిస్తుంది. తర్వాత ట్యాంకులో ఆయిల్ మట్టం, దాని రంగు. ఆయిల్ మజ్జిగ చిలికినట్టు నురగలు కట్టి ఉంటే లోపల గాలి పట్టిందని అర్థం. రేకుల మధ్య చిక్కిన గాలి బుడగలు ఒత్తిడికి చితికినప్పుడు వచ్చేదే ఆ సన్నని మూలుగు. గాలి ఎక్కువగా పంపు ఆయిల్ పీల్చే వైపు నుంచే లోపలికి వస్తుంది: వదులైన క్లిప్పు, ఎండి పగిలిన వెనుతిరుగు హోసు, అరిగిన ఇరుసు సీలు. అక్కడ ఆయిల్ బయటికి కారకపోవచ్చు కూడా, గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. నేల మీద మరక లేదని హోసును వదిలేయడం వల్లే మంచి పంపులెన్నో చెత్తబుట్టలోకి వెళ్లాయి.

కీచుమనే అరుపు వేరు. అది బెల్టుది. స్టీరింగు తిప్పిన క్షణంలో పంపు మీద భారం పెరిగి, వదులైన బెల్టు జారుతుంది. పాత వీ-బెల్టుల కాలంలో ఇది మరీ మామూలు. స్టీరింగు చివరి దాకా తిప్పి అక్కడే పట్టుకుంటే వచ్చే గుర్రుమనే శబ్దం రోగమే కాదు. ఒత్తిడి హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకుందని అది చెబుతోంది. అలాగే పట్టుకుని ఉంటే మాత్రం ఆయిల్ కాగిపోయి నిజమైన రోగం మొదలవుతుంది. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు బిగుసుకుని, రేస్ చేస్తే తేలికయ్యే స్టీరింగు వేళ్లన్నీ పంపు వైపో బెల్టు వైపో చూపిస్తుంది. కొన్ని పంపులకు మూలగడం పుట్టుకతోనే ఉంది. ప్లాస్టిక్ ట్యాంకు తగిలించిన ఫోర్డ్ సీ-టూ పంపు కొత్తదైనా చప్పుడు చేస్తుందని పేరుబడింది. దాన్ని నిశ్శబ్దం చేయాలని మూడో పంపు బిగించే యజమానికి ఆ సంగతి ముందే చెప్పే మెకానిక్ దొరకడం అదృష్టం.

డీజిల్ పికప్‌లలో ఇంకో ఆధారం దొరుకుతుంది. డీజిల్ ఇంజిన్ పెట్రోలు ఇంజిన్‌లా వాక్యూమ్ ఇవ్వదు. కాబట్టి హైడ్రోబూస్ట్ అనే పద్ధతిలో స్టీరింగు పంపు ఆయిలే బ్రేకుకూ బలాన్నిస్తుంది. స్టీరింగూ బ్రేకు పెడలూ ఒకేసారి గట్టిపడితే అనుమానం నేరుగా ఆ రెండింటికీ ఉమ్మడిదైన పంపు మీదికి వెళ్తుంది. బ్రేకు బాగుండి స్టీరింగు ఒక్కటే బరువైతే వెతుకులాట బాక్సు దగ్గర మొదలవుతుంది.

1980ల జనరల్ మోటార్స్ కార్లు ఈ విద్యకు మరో పాఠం చేర్చాయి. పొద్దున చలిలో మొదటి మలుపులకు స్టీరింగు రాయిలా ఉండి, కొంత దూరం పోయాక మామూలయ్యేది. వాల్వు మీది టెఫ్లాన్ రింగులు అల్యూమినియం గోడను గాడులు పడేలా అరగదీశాయి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఆ గాడుల గుండా ఒత్తిడి జారిపోయేది, వేడెక్కాక రింగులు వ్యాకోచించి సందులు మూసుకునేవి. అప్పటి నుంచి మంచి మెకానిక్కులు లోపం ఏ వేళలో వస్తుందని కూడా అడగడం అలవాటు చేసుకున్నారు. అలాంటి బండిని రాత్రి షెడ్డులోనే ఉంచి, పొద్దున్నే తాము స్టార్ట్ చేసి చూసేవాళ్లు.

ఆయిల్‌తో సంబంధం లేని లోపాలు మరీ మోసం చేస్తాయి. 1973 నుంచి 1987 దాకా వచ్చిన షెవర్లే, జీఎంసీ పికప్‌లలో, అందులోనూ పెద్ద టైర్లు వేసి కొండల్లో తిప్పిన ఫోర్ వీల్ డ్రైవ్‌లలో, స్టీరింగు బాక్సు బిగించిన చోట ఛాసిస్ రైలే పగిలేది. స్టీరింగులో ప్లే, అంటే వదులు, ఎక్కువైందని బాక్సు మీది స్క్రూ బిగిస్తారు, ప్లే పోదు. బాక్సు మారుస్తారు, అప్పుడూ పోదు. ఎవరో ఒకరు కింద పడుకుని చూస్తున్నప్పుడు ఇంకొకరు స్టీరింగు ఊపితే, బాక్సుతో పాటు ఇనుము కూడా నోరు తెరిచి మూయడం కనిపించేది.

అన్నీ సరిగా ఉండి అనుమానం పంపుకూ బాక్సుకూ మధ్య చిక్కుకుంటే చివరి తీర్పు గేజిది. పంపు నుంచి వచ్చే హోసులో గేజి, ఒక వాల్వు కలుపుతారు. ఆ వాల్వును ఐదు సెకన్లకు మించకుండా మూస్తారు, అంతకు మించితే పంపు కాలిపోతుంది. ముల్లు చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటి కంపెనీ చెప్పిన అంకెను చేరితే పంపు నిర్దోషి. వాల్వు తెరిచి, స్టీరింగు చివరి దాకా తిప్పినప్పుడు ముల్లు అంతెత్తుకు రాకపోతే ఒత్తిడి బాక్సు లోపల కారిపోతోంది.

తెలుగు నేల మీద ఈ విద్య ఇంకో తరం తర్వాత వచ్చింది. దశాబ్దాల పాటు మన లారీలు పవర్ స్టీరింగు లేకుండానే నడిచాయి. పెద్ద స్టీరింగు చక్రాన్ని రెండు చేతులతో లాగి తిప్పడం డ్రైవరు ఉద్యోగంలో భాగమైపోయింది. చెన్నైకి చెందిన రానే గ్రూపు 1987లో పవర్ స్టీరింగుల కోసం ప్రత్యేకంగా కంపెనీ పెట్టిన తర్వాతి కాలంలోనే లారీల్లో, బస్సుల్లో అది మెల్లగా పాకింది. 1960లలో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగు, ఇంజిన్, గేర్‌బాక్సు అంటూ పనులు పంచుకున్న షెడ్లు అప్పుడు పంపు సీలునూ హోసునూ గాలి తీయడాన్నీ నేర్చుకున్నాయి. గాలి తీయడం ఇక్కడైనా సాగినాలోనైనా ఒకే తీరు: ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ పోస్తూ స్టీరింగును ఓపికగా అటు చివరికీ ఇటు చివరికీ తిప్పుతూ ఉండాలి, బుడగలు రావడం ఆగే దాకా.

ఫోర్డ్ 2011లో ఎక్కువ ఇంజిన్ల ఎఫ్-150లలో పంపును తీసేసి ఎలక్ట్రిక్ మోటారు పెట్టింది. 2014 షెవర్లే సిల్వరాడో అదే దారి పట్టింది. ఇంధనం ఆదా అవుతుంది, కారడానికి ఆయిలే ఉండదు. లోపం వస్తే కంప్యూటరు ఒక కోడ్ చూపిస్తుంది. మూలుగు, నురగ, కీచుమనడం ఆ బండ్లలో ఉండవు. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి బరువైన పికప్‌లు మాత్రం డేవిస్ దారిలోనే ఆయిల్‌తో నడుస్తూ వచ్చాయి. ఇక టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు ఏ తరం బండిలోనైనా అరుగుతాయి. వాటిలో ప్లేకు కంప్యూటరు దగ్గర కోడ్ లేదు. పైన ఒకరు స్టీరింగు కొద్దికొద్దిగా ఊపుతుంటే, కింద మరొకరు ఒక్కో కీలు మీదా చేయి వేసి చూస్తారు, ముందు డ్రైవరు వైపు, తర్వాత రెండో వైపు.