ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరు

బ్రెజిలు దేశమున 'నెలోరి' అను మాట ఎఱుగని పశుపాలకుడు లేడు. అచ్చటి మాంసపశువులలో అధికభాగము ఆ జాతివియే. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు గల ఆ పశువును చూచిన ఒంగోలు రైతు అది తన దొడ్డిలోని గిత్త సంతతియే యని క్షణములో గుర్తించును. పేరు మాత్రము నెల్లూరుది. 2023లో వియాటినా-19 అను ఆవులో మూడవవంతు హక్కు అమ్ముడుపోగా, ఆ లెక్కన దాని పూర్తి విలువ 2 కోట్ల 10 లక్షల రెయాళ్లని తేలినది. మన పత్రికలు దానిని 'నెల్లూరు ఆవు' అని వ్రాసినవి. ఒంగోలు వారికి ఇది కష్టముగా తోచుట సహజమే. కాని ఆ పేరును పొరపాటని త్రోసివేయుటకు ముందు దాని చరిత్రను కొంత విచారింపవలసి యున్నది.

మొదట ఉచ్చారణము. 'నెల్లూరు'లో 'ఊరు' స్పష్టము. 'నెల్లు' వరియని కొందఱు, 'నెల్లి' అనగా ఉసిరిక యని స్థలపురాణము చెప్పుదురు. ఆంగ్లేయుల వ్రాతలో ఏలూరు 'ఎల్లోర్', తంజావూరు 'తంజోర్' అయినట్లే ఇదియు 'నెల్లోర్' అయినది. పోర్చుగీసు వ్రాతలో లకారద్విత్వము లేదు; పదాంతమందలి ఎకారమును బ్రెజిలువారు హ్రస్వమైన ఇకారముగా పలుకుదురు. కావున 'నెల్లోర్' అచ్చట 'నెలోరి' అయినది. మన నోటిమాటను విన్నవారు 'ఊరు'ను 'ఓరి' చేయుట అరుదు. ఈ పదము మనవారి నోటినుండి గాక ఆంగ్లలిపి మూలముననే సముద్రము దాటినదని నా అభిప్రాయము.

ఇక కాలము. 1868లో ఇంగ్లండునకు పోవుచున్న యొక ఓడ బ్రెజిలులోని సాల్వడారు రేవున ఆగినపుడు ఈ జాతి జంట యొకటి అచ్చట విక్రయింపబడినది. 1878లో రియో ప్రాంతపు పశుపాలకుడు మానుయెల్ లెంగ్రుబర్ హాంబర్గు జంతుశాలనుండి మఱియొక జంటను కొనెను. ఆ నాళ్లలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. బాస్వెల్ 1873లో ప్రకటించిన నెల్లూరు జిల్లా గ్రంథము ఆనాటి పరిపాలనాచిత్రమును చూపును. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపుడు ఒంగోలు అందు చేరినది. కందుకూరు, కనిగిరి మాత్రము నెల్లూరులోనే నిలిచినవి. 1970 ఫిబ్రవరి 2న ఈ మూడును ఒంగోలు జిల్లాలో కలిసినవి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చినది. కాబట్టి జిల్లా పేరున జాతిని పిలిచిన పందొమ్మిదవ శతాబ్దివారు తప్పు చేయలేదు. చెరిగిపోయిన యొక సరిహద్దును బ్రెజిలు నేటికిని పలుకుచున్నది.

ఇండోనేషియాలో వేఱు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో డచ్చివారు సుంబా ద్వీపమునకు ఈ పశువులను చేర్చిరి. అచ్చట పేరు 'సుంబా ఒంగోలు'. జావాలో సంకరమైనది 'పెరానకాన్ ఒంగోలు'. ఆ నాటికి ఒంగోలు నెల్లూరును వీడుటయే దీనికి కారణమని నిశ్చయింపలేము గాని, రెండు పేర్లు రెండు కాలములకు సరిపోవుచుండుట గమనింపదగినది.

ఈ గిత్తలు పుట్టిపెరిగిన నల్లరేగడి పొలములలో నేడు ప్రత్తికిని మిరపకును ట్రాక్టరు దున్నుచున్నది. కాడికి ఎద్దు అక్కఱ తగ్గినకొలది దొడ్లును పలుచబడినవి. 1960 ప్రాంతమున బ్రెజిలువారు మఱల మనదేశమునకు వచ్చి మేలిజాతి పశువులను కొనిపోయిరి. అందొక ఆబోతునకు ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరే పెట్టిరి. దాని సంతతి నేటికిని అచ్చటి వంశావళులలో ప్రసిద్ధమై యున్నది. బ్రెజిలున పెక్కుచోట్ల 'ది'ని 'జి'గా పలుకుటచే కరవది వారి నోట 'కర్వాజి' యగును. ఊరిపేరు పూర్తిగా చెడలేదు. కరవదివారు వినిన పోల్చుకొందురు.