అందాజా: బందరు నాఖుదాల నుంచి హైదరాబాద్ కంప్యూటర్ల దాకా

మా మోకిల నుంచి సమందర్ సుమారు మూడు వందల కిలోమీటర్లు. ఇక్కడ చెరువులున్నాయి, పూలతోటలున్నాయి, ఈ మధ్య లేచిన విల్లాలున్నాయి. అలల చప్పుడు మాత్రం లేదు. అయినా మన నాలుక మీద సమందర్ మాటలు ఎన్ని లేవు! తుఫాను, లంగరు, సరంగు, కళాసీ, బందరు. ఇవన్నీ అరబీ, ఫార్సీల నుంచి జహాజుల మీద వచ్చి తెలుగులో స్థిరపడ్డ లఫ్జులే. బందర్ అంటే రేవు. మచిలీపట్నానికి ఆ పేరే ఖాయమైపోయింది. అరబీలో ‘మౌసిమ్’ అంటే రుతువు, కాలం. మనం మౌసమ్ అన్నాం, ఇంగ్లీషువాళ్లు మాన్సూన్ అన్నారు.

ఈ లఫ్జుల వెనుక ఒక పెద్ద తారీఖ్ ఉంది. రేపు సమందర్ ఎలా ఉంటుందో ముందే అందాజా కట్టాలన్న ఇన్సాన్ కోషిష్ అది.

గోల్కొండ కుతుబ్ షాహీల జమానాలో మన సల్తనత్‌కు దర్వాజా మచిలీపట్నం. అక్కడి నుంచి జహాజులు ఈరాన్ వైపు, ఎర్ర సముద్రం వైపు, తూర్పున పెగూ, ఆచే వైపు వెళ్లేవి. గోల్కొండ వజీరుగా పేరు పొందిన మీర్ జుమ్లా స్వయంగా పెద్ద జహాజుల మాలిక్. ఇంజన్ లేని ఆ రోజుల్లో సఫర్ అంతా గాలి దయ మీదే. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి అరేబియా సముద్రంలో జహాజును పడమరకు తోస్తుంది. వానాకాలంలో నైరుతి గాలి వెనక్కి తెస్తుంది. మౌసమ్ తప్పితే నెలల తరబడి రేవులో ఎదురుచూపే.

ఈ హిసాబ్‌ను కితాబుల్లోకి ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్. జుల్ఫార్‌లో పుట్టాడు. నేటి రాస్ అల్ ఖైమా ప్రాంతం అది, మన వాళ్లెందరో రోజీ కోసం వెళ్లే చోటు. 1490 ప్రాంతంలో ఆయన రాసిన ‘కితాబ్ అల్ ఫవాయిద్’లో సితారాలను బట్టి దిక్కు పట్టడం, రేవుల జాడలు, ఏ గాలికి ఎప్పుడు బయలుదేరాలన్న తారీఖులు ఉన్నాయి. తరాల మల్లాహుల తజుర్బా అంతా అందులో ఉంది.

కానీ ఆ ఇల్మ్‌కు ఒక హద్దు ఉంది. అది రుతువును చెప్పగలదు, రోజును చెప్పలేదు. కార్తెలో తుఫాన్ రావచ్చని నాఖుదాకు తెలుసు. ఈ రాత్రే వస్తుందని తెలియదు. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. దాదాపు ముప్పై వేల మంది పోయారని లెక్క. అంతకు నెల కూడా ముందు కాదు, అక్టోబరు 5న కలకత్తా ఇలాంటి తుఫాన్‌కే తల్లడిల్లింది. ఇలాంటి ముసీబత్‌లూ, కరువులూ కలిసి సర్కారును కదిలించాయి. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది.

ఇక హిసాబ్‌తో మౌసమ్ చెప్పాలన్న ఖయాల్ సంగతి. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు సాయన్స్‌దాన్ 1922లో దీని మీద కితాబ్ అచ్చేశాడు. గాలికీ, నీటికీ ఖుద్రత్‌లో కానూన్‌లు ఉన్నాయి కాబట్టి లెక్క కడితే రేపటి హాల్ తెలియాలన్నది ఆయన దలీల్. చేత్తో లెక్క కట్టి చూశాడు. ఆరు గంటల అందాజాకే వారాలు పట్టింది. జవాబూ తప్పే వచ్చింది. అయినా దారి మాత్రం సరైనదే. లోటల్లా వేగంగా లెక్క కట్టే మెషిన్‌దే. అది వచ్చాక, 1960ల్లో అమెరికాలో కిర్క్ బ్రయన్, ఆయన సాథీలు సమందర్‌కే కంప్యూటర్ మోడల్ కట్టారు.

మోడల్ అంటే ఏమిటి? సమందర్‌ను పైనుంచి కిందికి లక్షల ఖానాలుగా విడగొట్టినట్టు ఊహించుకోండి. ప్రతి ఖానాలో నీటి వేడి ఎంత, ఉప్పు ఎంత, ప్రవాహం ఎటు అని నింపుతారు. పైన వీచే గాలి వివరాలు చేర్చుతారు. పక్క ఖానా నుంచి ఎంత నీరు, ఎంత వేడి వస్తుందో కంప్యూటర్ నిమిషాల చొప్పున లెక్క కడుతూ రేపటికి, ఎల్లుండికి చేరుతుంది. మొదట నింపిన అంకెలు తప్పైతే జవాబూ తప్పుతుంది. అందుకే ఉపగ్రహాలు పైనుంచి చూస్తాయి. ఆర్గో అనే తేలే యంత్రాలు రెండు వేల మీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకి తేలి అక్కడి ఖబర్ పంపుతాయి.

హిందుస్తాన్‌లో ఈ పని ఎక్కడ జరుగుతుందనుకున్నారు? బొంబాయిలోనో, మద్రాసులోనో కాదు, మన హైదరాబాద్‌లోనే. ఉపగ్రహ చిత్రాలు అందుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఇక్కడ అప్పటికే ఉంది. 1999లో ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ఏర్పడింది. నిజాంపేట దగ్గర ప్రగతినగర్‌లో ఉంది, మా మోకిల లాగే షహర్‌కు పడమటి వైపు. అలల ఎత్తు, ప్రవాహం, ఉప్పెన ముప్పు, చేపలు గుంపు కట్టే చోట్లు అక్కడి నుంచే తీరానికి వెళ్తాయి.

అయితే అందాజా ఎంత సరైనదైనా చేరాల్సిన చెవికి చేరకపోతే బేకార్. 1977 నవంబరు 19 దివిసీమ ఇదే సబక్ నేర్పింది. తుఫాన్ ఉందని వాతావరణ శాఖకు తెలుసు. నీళ్లు ఎంత ఎత్తున, ఎంత లోపలికి వస్తాయో లంకల్లోని గుడిసెలకు చెప్పి, వాళ్లను తరలించే ఇంతెజామ్ లేదు. ఐదు మీటర్ల ఉప్పెన వచ్చింది. సర్కారీ లెక్కలోనే సుమారు పది వేల ప్రాణాలు పోయాయి. 2004 డిసెంబరు 26న సుమత్రా జల్జలా తర్వాత సునామీ మన తీరానికి రావడానికి గంటల సమయం పట్టింది. ఆ గంటల్లో ఖబర్ ఇచ్చేవాళ్లు లేరు. అందుకే 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఎక్కడ జల్జలా వస్తే అల ఎటు, ఎంతసేపట్లో వెళ్తుందో ముందే వేల హిసాబులు కట్టి దాచి ఉంచుతారు. నిమిషాల్లో దగ్గరి హిసాబ్ తీసి చెప్తారు.

ఆ చివరి మంజిల్ ఇప్పటికీ కష్టమైనదే. పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే పడవలో మొబైల్ సిగ్నల్ ఉండదు. 2019లో ఉపగ్రహం ద్వారా ఖబర్ అందుకునే జెమిని అనే పరికరం తెచ్చింది ఇందుకే.

కొందరు బుజుర్గులు అడుగుతారు: ‘రేపటి సంగతి చెప్పడం గైబ్‌లో తలదూర్చడం కాదా?’ కాదు, సాహెబ్. ఇబ్న్ మాజిద్ గాలి లెక్క రాసినప్పుడు గైబ్ ఇల్మ్ దావా చేయలేదు. ఖుద్రత్ అలవాటును గమనించి అందాజా కట్టాడు. ఇవాళ్టి మోడల్ చేసేదీ అదే, తనకు తెలిసిన హద్దులోనే మాట్లాడుతుంది. తక్దీర్ మీద యకీన్ ఉన్నవాడికి తద్బీర్ మాఫ్ కాదు కదా.

కాబట్టి నా గుజారిష్ రెండే. ఫలానా తారీఖున సునామీ వస్తుందని వాట్సాప్‌లో మెసేజ్ వస్తే ముందుకు పంపకండి. జల్జలా రాకముందు దాని సునామీకి తారీఖు చెప్పగలిగే మోడల్ దునియాలో లేదు. ఇక మచిలీపట్నం, నిజాంపట్నం, కాకినాడ వైపు మీ రిష్తేదారులుంటే ఇన్‌కాయిస్ ఖబర్ తెలుగులోనూ వస్తుందని, పడవ కట్టు విప్పే ముందు ఒకసారి చూడమని చెప్పండి.