నాగుపాముకి కొమ్ములు మొలిచిన కథ

మా అబ్బాయి పేరు నాగార్జున. ఇక్కడి బడిలో చేరిన వారానికే వాడు "నాగ్" అయిపోయాడు. నేను ఉసూరుమంటూ ఉంటే, ఒకనాడు పక్కింటి చైనా పెద్దాయన వాడి పేరు అడిగి, "ఓహో, లుంగ్‌షూ!" అన్నారు. ఆయన బౌద్ధులు. లుంగ్‌షూ అంటే డ్రాగన్ చెట్టుట! మా వాడికి ఈ డ్రాగన్ ఎక్కడ తగులుకుందా అని పుస్తకాలు తిరగేశాను.

చైనా భాషలో డ్రాగన్‌ని లుంగ్ అంటారు. (మన లుంగీకీ దీనికీ చుట్టరికం లేదు.) చైనా మందుల కొట్లలో పాత ఎముకలని "లుంగ్ ఎముకలు" అని అమ్మేవారు. వాటిలో కొన్నిటి మీద ఉన్న గీతలు ప్రాచీన లిపి అని 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తించాడు. అవి సుమారు 3,200 ఏళ్ళ నాటి షాంగ్ రాజులు జోస్యానికి వాడిన పశువుల ఎముకలు, తాబేటి డిప్పలు. ఆ లిపిలో లుంగ్ అక్షరం కూడా ఉంది: తల మీద కిరీటం లాంటి గుర్తు, తెరిచిన నోరు, మెలి తిరిగిన ఒళ్ళు. ఎముకలు డ్రాగన్‌వి కాకపోయినా మాట మాత్రం అక్కడే దొరికింది!

క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ కూర్చిన నిఘంటువు ప్రకారం లుంగ్ పొలుసుల ప్రాణులకి పెద్ద. వసంతంలో ఆకాశానికి ఎగురుతుంది, శరత్తులో మడుగులోకి దిగుతుంది. వానకీ నీటికీ అదే దిక్కు.

తరవాత బౌద్ధ గ్రంథాలు చైనా చేరాయి. వాటిలోని "నాగ" శబ్దాన్ని ఏమనాలి? పాముకి "షె" అని వేరే మాట ఉంది. కాని మన నాగులు వట్టి పాములు కావు; నీటిలో ఉండి వానలు కురిపించే దేవతలు. అందుకని అనువాదకులు లుంగ్ అన్నారు. నాగరాజు "లుంగ్‌వాంగ్" అయ్యాడు. పడగ పోయి కొమ్ములూ గోళ్ళూ వచ్చాయి. నీరు మాత్రం నిలిచింది.

401లో చాంగాన్ నగరం చేరిన కుమారజీవుడు ఆచార్య నాగార్జునుడి మాధ్యమిక శాస్త్రాన్ని 409లో చైనా భాషలోకి తెచ్చాడు. ఆయన పేరిట ఉన్న జీవితచరిత్ర పేరు గుట్టు విప్పుతుంది: తల్లి అర్జున వృక్షం కింద ప్రసవించింది కనుక చెట్టు, నాగుల వల్ల జ్ఞానసిద్ధి కలిగింది కనుక లుంగ్. అర్జున వృక్షం అంటే మన మద్ది చెట్టే! రెండు శతాబ్దాల తరవాత వచ్చిన షువాన్‌జాంగ్‌కి ఈ చెట్టు నచ్చలేదు కాబోలు, "లుంగ్‌మెంగ్", అంటే వీర డ్రాగన్, అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, బడివాళ్ళు మా వాడి పేరులో శబ్దం సగం ఉంచుకుని అర్థం వదిలేశారు. పదహారు వందల ఏళ్ళ కిందటి అనువాదకుడు శబ్దం మొత్తం వదిలేసి అర్థాన్ని మోసుకెళ్ళాడు. పరాయి ఊళ్ళో పేరు బతకడానికి రెండు దారులూ ఉన్నాయన్నమాట. రెండోది వాడికి నేనే చెప్పాలి.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అమరావతి శిల్పాల్లో పడగలు విప్పిన నాగులని వాడికి చూపిస్తాను. "వీటికి కొమ్ములు లేవేం?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర కథ ఉంది.