ఎప్పుడొచ్చారు, ఎక్కడివారు: వలస కుటుంబాలకు ప్రభుత్వ సాయం, ములుగు అనుభవం

కొత్తగా వచ్చి చేరిన కుటుంబానికి సర్కారు సాయం అందాలా వద్దా అన్న తగవు ములుగు అడవి పల్లెల్లో గొత్తికోయల పేరు మీద నడుస్తోంది. రామప్ప గుడి ఉన్న పాలంపేట 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలోకి వచ్చింది. అక్కడి నుంచి గోవిందరావుపేట, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాకా అడవే. నది దాటి ఇంకొంచెం పోతే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. ఈ అడవి లోపల వాగుల పక్కన ఇరవై ముప్పై గుడిసెల గూడేలు కట్టుకొని ఉంటున్న గొత్తికోయలు అవతలి నుంచి వచ్చిన గోండు తెగల వాళ్లు. వాళ్లకు ఏ సాయం దక్కింది, ఏది దక్కలేదు అన్నది ఇరవై ఏళ్ల కథ. దాని వేళ్లు మాత్రం చాలా లోతుగా ఉన్నాయి.

వచ్చినవారిని పాలకులు ఎలా చూశారన్నదానికి ఈ నేల మీద పాత ఆధారాలే ఉన్నాయి. పాలంపేట గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ గణపతిదేవుడి సేనాని. రామప్ప చెరువూ ఆ కాలానిదే. చెరువు తవ్వించడమంటే అడవి కొట్టి సాగు చేసే మనుషుల్ని రప్పించడం కూడా. అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో, దూరదేశాల నుంచి వచ్చే ఓడ వర్తకులకు రక్షణ ఇస్తామని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పట్టుకోబోమని మాట ఇచ్చాడు. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునేవారు. వచ్చినవారి వల్ల ఖజానాకు లాభం ఉన్నప్పుడు అభయం సులువుగానే దొరికేదన్నమాట. అడవి జనం చెప్పుకునే కథ వేరు. మేడారం సమ్మక్క గాథలో కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వస్తుంది. రెండేళ్లకోసారి ఆ జాతరకు గోదావరి అవతలి కోయలూ వస్తారు. వాళ్ల చుట్టరికాలకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాదు.

నిజాం కాలంలో ప్రశ్న తలకిందులైంది. అప్పటి ఫిర్యాదు వచ్చినవారికి ఏమీ దక్కడం లేదని కాదు, వాళ్లకే ఎక్కువ దక్కుతోందని. ఆదిలాబాద్ అడవుల్లో బయటి రైతులు, షావుకార్లు గోండుల భూములు చేజిక్కించుకున్నారు. అటవీ శాఖ రిజర్వు గీతలు గీసింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం పోరాటం తర్వాత ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి, గోండులకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది. గిరిజన భూమిని బయటివారి నుంచి కాపాడాలన్న సూత్రం నిజాం రాజ్యంలో చట్టరూపం పొందింది అక్కడి నుంచే. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించాయి. 1970లో వాటిని బిగించారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని నానిన చట్టం అదే. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి మారడం చెల్లదని అది చెప్పింది. ఇక్కడి కోయలు నేటికీ గట్టిగా పట్టుకొని ఉన్న కంచె అది. గొత్తికోయల గురించి మాట్లాడేటప్పుడు ఆ కంచె వెనక ఎంత భయం, ఎంత అనుభవం ఉన్నాయో మరిచిపోతే విషయం సగమే అర్థమవుతుంది.

మైదానంలో ఇదే వాదన ఉద్యోగాల మీద నడిచింది. 1919లో నిజాం ప్రభుత్వం ముల్కీ నిబంధనలు తెచ్చి, సర్కారు కొలువుకు పదిహేనేళ్ల స్థిర నివాసం ఉండాలంది. 1952లో బయటివారికి టీచరు కొలువులు ఇస్తున్నారని వరంగల్‌లో మొదలైన ఆందోళన హైదరాబాద్‌లో కాల్పుల దాకా పోయింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పదిహేనేళ్ల లెక్కను పక్కన పెట్టి, వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని స్థానికతకు గుర్తుగా తీసుకుంది. దాన్ని అమలు చేయడం లేదన్న గొడవే 1985లో 610 జీవోకు దారి తీసింది. రాష్ట్రం విడిపోయాక 2014లో విద్యార్థుల ఫీజు సాయానికి 1956 నాటి నివాసాన్ని ప్రమాణం చేస్తూ తెలంగాణ ‘ఫాస్ట్’ పథకం ప్రకటించింది. హైకోర్టులో ఆక్షేపణలు రావడంతో మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. తాతలు ఎక్కడున్నారో చూపించమని మనవడి కాలేజీ ఫీజుకు అడగడం ఎంత చిక్కో ప్రభుత్వానికే త్వరగా తెలిసొచ్చింది.

ఈ లోపు కుల జాబితాలు మరో గీత గీశాయి. 1976 సవరణ చట్టం వల్ల మరుసటి ఏడాది నుంచి తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లో చేరారు. పక్కనే మహారాష్ట్రలో బంజారాలు ఎస్టీలు కారు. గీత దాటి ఇటు వచ్చినవారు కూడా ఎస్టీ వాటా తింటున్నారన్న ఆదివాసుల ఆరోపణ అప్పటి నుంచి ఆరలేదు. రాష్ట్రం మారితే తెగ గుర్తింపు మారుతుందా అన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టు తీర్పు 1990లో వచ్చింది. అది ఓ తెలుగు కుర్రాడి కేసు కావడం విశేషం. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రప్రదేశ్ జాబితా ప్రకారం ఎస్టీ. తండ్రి ఉద్యోగం వల్ల కుటుంబం బొంబాయి చేరింది. అక్కడ మెడికల్ సీటుకు ఎస్టీ రిజర్వేషన్ అడిగితే చెల్లదన్నారు. వెనకబాటు ఒక చోటికి చెందినదని, చోటు మారితే హోదా వెంట రాదని కోర్టు తేల్చింది. గొత్తికోయల దరఖాస్తుల మీద అధికారులు నేడు రాసే జవాబు ఆ తీర్పు నీడలోదే.

బీజాపూర్, దంతెవాడ వైపు నుంచి మిర్చి ఏరడానికి కూలీలు రావడం పాత అలవాటు. మాఘ ఫాల్గుణాల్లో గోదావరి ఒడ్డు చేలల్లో నెలా రెండు నెలలుండి, కొన్నిచోట్ల కూలిగా మిరపకాయలే తీసుకొని తిరిగిపోయేవారు. 2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక వచ్చినవాళ్లు తిరిగిపోలేదు. మావోయిస్టుల మీద ప్రభుత్వ అండతో నడిచిన ఆ దళాలు ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తోలాయి. శిబిరానికి పోతే ఒకరికి, పోకపోతే మరొకరికి శత్రువు. వందల ఊళ్లు పాడుబడ్డాయి. శిబిరాలు వద్దనుకున్నవారు గోదావరి, శబరి దాటి ఖమ్మం, వరంగల్ అడవులకు చేరారు. పొరుగు రాష్ట్రాలన్నింటిలో కలిపి సుమారు 50 వేల మంది ఉంటారని స్వచ్ఛంద సంస్థల అంచనా. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ దళాలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. వెళ్లగొట్టిన తీరు తప్పని తేలింది కానీ వెళ్లిపోయినవారి సంగతి తేలలేదు.

అక్కడ మురియా, మాడియా, దోర్ల అని పిలిపించుకున్నవారు ఇక్కడ గొత్తికోయలయ్యారు. తెలంగాణ ఎస్టీ జాబితాలో కోయ ఉపశాఖల మధ్య ‘గుట్టకోయ’ అన్న పేరు ఉండటం మరో తికమక. పేరు దగ్గరగా ఉన్నా, వీళ్లు ఛత్తీస్‌గఢ్ తెగలవారనే రాష్ట్ర ప్రభుత్వం లెక్క వేస్తుంది.

ఇంకో ముడి తేదీతో పడింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉంటేనే పట్టా. సల్వాజుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. అంటే ఆ గీతకు ఆరు నెలల ముందు పుట్టిన మంట, గీత దాటాకే మనుషుల్ని ఎక్కువగా ఇటు తోసింది. స్థానిక జాబితాలో లేని తెగవారిని ఇతర అటవీవాసులుగా చూడాలి కనుక మూడు తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. ఊరు తగలబడి వచ్చినవారి దగ్గర 75 ఏళ్ల కాగితం ఉండదు. అన్యాయంగా వెళ్లగొట్టినవారికి మరోచోట భూమి ఇచ్చే వీలు అదే చట్టంలోని 3(1)(ఎం) క్లాజులో ఉంది. దాని మీద జాతీయ ఎస్టీ కమిషన్ రాష్ట్రాలను లెక్కలు అడిగింది. అయితే ఆ క్లాజుకూ అదే డిసెంబరు తేదీ తగిలించి ఉంది.

గూడెం దగ్గరికి వెళ్లి చూస్తే సాయం ఏ రూపంలో వచ్చిందో తెలుస్తుంది. వెదురు తడకలకు మట్టి మెత్తిన గోడలు, వాగు ఇసుకలో తవ్విన చెలిమ, ఏ చెట్టుకో కొమ్మకో కట్టిన చిన్న సోలార్ లైటు. కరెంటు తీగ చాలాచోట్ల రాదు, ఎందుకంటే అది రిజర్వు అడవి, స్తంభం పాతడానికి అనుమతి కావాలి. బోరుదీ అదే గతి. రోడ్డుదీ అదే. కానీ గూడెం మొదట్లో ఓ కొట్టంలో అంగన్‌వాడీ ఉండొచ్చు. పిల్లలు కోయ మాట్లాడతారు, టీచరు తెలుగు మాట్లాడుతుంది, మధ్యలో గుడ్డు ఇద్దరికీ అర్థమవుతుంది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ ఆవాసమైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ తెరవాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో చెప్పింది. 2015 జనవరి నుంచి తెలంగాణ ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి ఒక పూట పూర్తి భోజనం పెడుతోంది. ఆమె ఏ తెగ అని అక్కడ అడగరు. 2009 విద్యాహక్కు చట్టం పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదంది. రేషన్ కార్డు, ఆధార్, ఓటు, ఉపాధి హామీ జాబ్ కార్డు చాలా కుటుంబాలకు అంచెలంచెలుగా వచ్చాయి. చౌకదుకాణంలో యంత్రం మీద వేలు పెడితే బియ్యం వస్తాయి, అరిగిన వేలికి అది పలక్కపోతే మరో వేలు పెట్టాలి.

అంటే సాయం రెండు పాయలుగా చీలింది. ఆకలికి, పురుడుకు, బడికి సంబంధించినది ఏళ్ల మీద తలుపు తెరుచుకుంటూ వచ్చింది. నేలకు, తెగకు, కొలువుకు సంబంధించినది అంతకంతకూ బిగుసుకుంది. తగవంతా రెండో పాయ దగ్గరే.

పోడు అందులో ముఖ్యం. గొత్తికోయలు చెట్లు కొట్టి అడవి పాడుచేస్తున్నారని అటవీ శాఖ అంటుంది. ఉపగ్రహ చిత్రాల్లో కొత్త చదును కనిపించిన చోట నిజమే కూడా. 2015లో హరితహారం మొదలయ్యాక పోడు మడుల్లో మొక్కలు నాటే సిబ్బందికి, సాగుదారులకు గొడవలు పెరిగాయి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గూడెం గుడిసెలను అటవీ సిబ్బంది కూల్చారు. ఆ ఘటన దేశమంతా వార్త అయింది. 2018లో రైతుబంధు వచ్చాక పట్టా విలువ ఇంకా పెరిగింది. పట్టా ఉంటే ఎకరానికి పెట్టుబడి సాయం, లేకుంటే కేసు. 2023 జూన్‌లో రాష్ట్రం లక్షన్నర మంది గిరిజన రైతులకు సుమారు 4 లక్షల ఎకరాల పోడు పట్టాలు పంచింది. గొత్తికోయలు ఆ లెక్కలోకి రాలేదు.

కరోనా కాలం మధ్యలో ఓ మినహాయింపు. 2020 మార్చి చివర తెలంగాణ ప్రభుత్వం కార్డు లేని వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామంది. ఎప్పుడొచ్చావన్న ప్రశ్న ఆ కొన్ని వారాలు ఆగింది. అయినా మిర్చి కూలీలు ఎందరో అడవి దారుల్లో బీజాపూర్ వైపు కాలినడకన పోయారు, దారిలో ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అంతకుముందు ఏడాది ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రయోగంగా మొదలైన ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ను అన్ని రాష్ట్రాలూ 2021 జులై 31లోగా అమలు చేయాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది.

2022 నవంబరులో పరిస్థితి మళ్లీ బెడిసింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఇద్దరు గొత్తికోయలు ఓ ఫారెస్టు రేంజి అధికారిని హత్య చేశారు. కొన్ని రోజులకే బెండాలపాడు గ్రామసభ గొత్తికోయలను ఛత్తీస్‌గఢ్ పంపేయాలని తీర్మానం చేసింది. ఇద్దరి నేరానికి గూడెమంతటికీ ఊరి బహిష్కారం న్యాయమా అన్న ప్రశ్న లేచింది. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణం ఇస్తుంది. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనం కోసం దానికి హద్దులు పెట్టే వీలూ అదే అధికరణంలో ఉంది. ఇక్కడ రెండు వైపులా ఉన్నది ఆదివాసులే.

స్థానిక కోయ సంఘాల వాదనను తేలిగ్గా తీసేయలేం. 2022లో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగినా, లంబాడీలతో వాటా తేలకుండానే మరో గుంపు వస్తే తమకు మిగిలేదెంత అన్నది వాళ్ల లెక్క. వచ్చినవాళ్లు తమ దూరపు చుట్టాలే అని కూడా వాళ్లే అంటారు.

ఇలాంటి గీతలు ఇతర చోట్లా ఉన్నాయి. 1662లో ఇంగ్లండు చేసిన చట్టం, పేదసాయం మీద భారం కాగలడనిపించిన కొత్త మనిషిని 40 రోజుల్లోపు అయితే సొంత పారిష్‌కు పంపేయొచ్చంది. అమెరికాలో ఏడాది నివాసం ఉంటేనే సాయమన్న రాష్ట్రాల షరతును 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశీయుల విషయంలో మాత్రం 1996 చట్టం చాలా పథకాలకు అయిదేళ్ల ఎడం పెట్టింది. గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రుల్ని పిలిపించుకున్న తెలుగు కుటుంబాలకు మెడికేర్ కోసం కూడా అయిదేళ్లు ఆగడం తెలిసిన అనుభవమే. మన దగ్గరే తేలిన ఉదాహరణ త్రిపురది. 1997లో మిజోరం నుంచి పారిపోయిన సుమారు 34 వేల మంది బ్రూ తెగవారికి 2020 జనవరి ఒప్పందంతో త్రిపురలోనే ఇంటి స్థలం, 4 లక్షల రూపాయల డిపాజిట్, రెండేళ్ల రేషన్, నెలకు 5 వేలు ఇవ్వడానికి కేంద్రం 600 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందుకు రెండు రాష్ట్రాలు, కేంద్రం ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చింది, అదీ 23 ఏళ్లకు. గొత్తికోయల విషయంలో అలాంటి ఒప్పందం కుదరలేదు.

2005 తర్వాత ఈ గూడేల్లో పుట్టిన తొలి పిల్లలు ఇప్పుడు ఇరవై ఏళ్ల దరిదాపుల్లో ఉన్నారు. ఇక్కడి బడుల్లో కనీసం నాలుగేళ్లు చదివినందుకు స్థానికత నిబంధనల ప్రకారం వాళ్లు ములుగు వాళ్లే. కొలువు దరఖాస్తులో జిల్లా గడి నింపడానికి ఇబ్బంది లేదు. కులం గడిలో ఎస్టీ అని రాయడానికి సర్టిఫికెట్టు మండల ఆఫీసులో దొరకదు.